మూడో వన్స్‌మోర్

పొద్దున్నే గొంతు సవరించుకుని రాగం తీస్తే కింది స్వరాలు పలికాయి, పైవి ఉత్త గాలిగా పోయాయి. తొంభైల నాటి మాట. దోహాలో, అల్ రయ్యాన్‌లోని ఒక ఖతరీ ఇంట్లో నేను డ్రైవర్ని. మనవాళ్ళకి మాత్రం పద్యనాటకంలో రాజు వేషగాణ్ణి. ఐదున్నర శ్రుతిలో ఎత్తుకుంటే మైకెందుకనేవారు. మస్కట్, కువైట్, ఒకసారి సింగపూర్ నుంచి కూడా టికెట్ పంపి పిలిపించుకున్నారు. నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ కూడా "యల్లా, సింగర్, పో!" అని నవ్వుతూ సెలవిచ్చేవాడు. పొగరు తలకెక్కిందంటే ఎక్కదూ మరి!

అందుకే బొంగురు గొంతును లెక్కచేయలేదు. బుగ్గన కరక్కాయ, పడుకునేముందు మిరియాల పాలు. ఏసీ వల్లన్నాను, దుమ్ము వల్లన్నాను. ఐదు వారాలు గడిపేశాను.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మన తెలుగువాళ్ళు కలిసుండే విల్లాలో రిహార్సల్. మా హార్మోనిస్టు ఖాదర్ భాయిది కరీంనగర్.

"అన్నా, నీ గొంతు మంచిగ లేదు. రెండు మెట్లు దించుత. ఎవనికి ఎర్కైతది?" అన్నాడు.

"నాకు తెలుస్తుందిగా! నోర్మూసుకుని వాయించు," అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ శుక్రవారం బహ్రెయిన్‌లో నాటకం. మన నాటకాల సంగతి తెలిసిందే. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అంటారు, కథ ఆపి మళ్ళీ పాడాలి. చచ్చి పడున్న పాత్రైనా లేచి పాడాల్సిందే. మొదటిది ఇచ్చాను, రెండోది ఇచ్చాను. మూడోసారి అరిచినప్పుడు ఖాదర్ భాయి వద్దని తల అడ్డంగా ఊపాడు. అయినా పాడాను. చివరి రాగం పైకి తీసుకెళ్ళేసరికి లోపల పుటుక్కుమంది. నొప్పి లేదు. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. జనం అదీ అభినయమే అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

దోహా తిరిగొచ్చాక ఆసుపత్రిలో మలయాళీ డాక్టరమ్మ ముక్కులోంచి గొట్టం దింపి లారింగోస్కోపీ చేసింది. "వోకల్ కార్డ్‌లో హెమరేజ్. పాలిప్, అంటే చిన్న కండ కూడా పెరిగింది. బొంగురు ఎన్నాళ్ళ నుంచి?"

ఐదు వేళ్ళు చూపించాను.

"ఐదు రోజులా?"

"వారాలు మేడమ్," అన్నాడు తోడొచ్చిన ఖాదర్ భాయి. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

కొన్నాళ్ళకి మైక్రో సర్జరీ చేసి, ముక్క బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా అన్నం సహించలేదు. క్యాన్సర్ కాదన్నారు. "టోటల్ వాయిస్ రెస్ట్, రెండు వారాలు. ఒక్క మాట కూడా వద్దు," అంది డాక్టరమ్మ.

మూడో రోజు ఇంటి నుంచి ఫోను. ఖాదర్ భాయి ఎంత చెప్పినా మా ఆవిడ సుజాత నమ్మలేదు. "ఏదో దాస్తున్నారన్నయ్యా! ఆయన ఉన్నాడా, లేడా? ఒక్కసారి పలకమనండి," అని ఏడుస్తోంది. రిసీవరు లాక్కుని గుసగుసగా "బతికే ఉన్నానే, ఏడవకు," అన్నాను. గుసగుసంటే మాట్లాడటం కాదనుకున్నాను. ఆ వారమంతా రోజూ అలాగే మాట్లాడాను.

డాక్టరమ్మ మళ్ళీ గొట్టం దింపి చూసింది. "విస్పర్ చేశారా? గాయం మీద అది ఇంకా ఒత్తిడి. స్కార్ పడింది. మాట వస్తుంది. పాట సంగతి నేను ప్రామిస్ చేయలేను."

పాట రాలేదు. నెలల తరబడి స్పీచ్ థెరపీ చేస్తే ఈ గరగర గొంతు మిగిలింది. వేషం పెట్టె తెరవలేక ఏడాదిపాటు ఏడ్చాను. ఆ ఫోను సంగతి సుజాతకి ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. నీ తప్పేం లేదే, సుజాతా.

ఖాదర్ భాయే నాకు హార్మోనియం నేర్పాడు. ఇప్పుడు వేరేవాళ్ళు పాడితే నేను వాయిస్తున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే ఈఎన్‌టీకి చూపించుకోండి. మాట్లాడొద్దంటే గుసగుస కూడా వద్దు, కాగితం మీద రాయండి.

మొదటి వన్స్‌మోర్‌కి వాయిస్తాను. రెండోసారి అరిస్తే హార్మోనియం మూసేసి లేచి నిలబడతాను. జనం నన్ను తిట్టిపోస్తారు. తిట్టనీ. ఆ పాడేవాడు రేపు పొద్దున తన పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవాలి.