నిప్పురవ్వ పెంచిన ఆకులు

ఆయన్ని వీధిలో అందరూ నిప్పురవ్వ అనేవారు. వెల్డింగ్ షాపు నడిపినందుకు సగం, నోటి దురుసుకి సగం. ఎవరైనా ముఖం మీదే అలా పిలిచినా ఏమీ అనుకునేవాడు కాదు. కానీ నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాక ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళే కరువయ్యారు. ఇప్పుడందరూ ఆయన దగ్గరికి వచ్చి, నిద్రపోతున్న పసిపిల్లాడి పక్కన మాట్లాడినట్టు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. అది వింటే ఆయనకి ఒళ్ళు మండిపోయేది. పోయింది చూపు, నేను కాదు కదా అని అరిచేవాడు. అరిస్తే పాపం అనేవారు. ఆ పాపం అనే మాట వింటే ఇంకా మండేది.

భార్య టైలరు. ముందుగదిలోనే మిషను. పగలంతా ఆ చప్పుడు వింటూ కుర్చీలో కూర్చోలేక, ఒకరోజు ఆయనే అన్నాడు, బాల్కనీలో వంటింటికి పనికొచ్చే ఆకుమొక్కలు వేస్తానని. బాల్కనీలో మూడంతస్తుల ఇనుప స్టాండు ఖాళీగా పడుంది. షాపు పెట్టిన కొత్తలో ఆయన చేత్తో చేసిందే. ఏ మొక్కలు వెయ్యాలో తనే వెళ్ళి తెచ్చుకుంటానన్నాడు. చూపు పోయాక ఆయన నోటి నుంచి ఫలానాది కావాలి అని వచ్చిన మొదటి మాట అది.

ఆ మాట భార్య తమ్ముడి చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే ఆటో నిండా మొక్కలతో దిగాడు. నీకెందుకు బావా శ్రమ అంటూ కొత్తిమీర, పుదీనా, మెంతికూర కుండీలన్నీ స్టాండు మీద సర్దేశాడు. భార్య ఊరుకుందా, ఆయన సులువుగా గుర్తుపట్టాలని ప్రతి కుండీకీ దారం కట్టింది. కుట్టడానికి వచ్చిన బట్టలు ఒకరివి ఒకరివాటితో కలిసిపోకుండా ఆమె చేసే పనే అది. ఆయన కుండీ తడిమి, ఈ దారమేమిటని అడిగాడు.

"గుర్తుకండీ. ఎర్రది పుదీనా, పచ్చది కొత్తిమీర, నీలం మెంతికూర."

ఆయన దారాన్ని వేళ్ళతో ఒకసారి రుద్ది వదిలేశాడు. ఆమెకి అప్పుడు వెలిగింది, గుడ్డివాడికి రంగుదారాలు కట్టానని. నాలుక కరుచుకుంది. తమ్ముడికి ఇంకా వెలగలేదు.

"పోనీ ముదురు రంగులు కట్టక్కా," అన్నాడు.

ఆ తరవాత ఆ బాల్కనీలో వినిపించిన మాటలు ఇక్కడ చెప్పేవి కావు. బావమరిది చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడని మాత్రం చెప్పుకోవచ్చు. ఆయన రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడు చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. భార్య మిషను ఆపి వచ్చి మోచెయ్యి అందించింది.

మొక్కల కొట్టావిడ ఆయన్ని ఎగాదిగా చూసి, ఆయనకేం కావాలమ్మా అని భార్యని అడిగింది.

"ఆయనకి నోరుంది. ఆయన్నే అడుగు," అన్నాడు నిప్పురవ్వ.

ముప్ఫై ఏళ్ళు కాలి కాలి ఆయన వేలికొసలు తోలులా గట్టిపడిపోయాయి. కొత్తిమీర లాంటి మెత్తనాకు వాటికి తగిలినా తగలనట్టే. తమ్ముడు తెచ్చిన కొత్తిమీరని నీళ్ళు పోస్తూ సగం నలిపేశాడు కూడా. అందుకే తన చేతికి తెలిసే మొక్కల కోసం వెతికాడు. వామాకు దొరికింది. మందంగా, నూగునూగుగా, పిల్లి చెవిలా ఉంది. నిమ్మగడ్డి అంచు వేలిని గీరింది, అదీ పక్కన పెట్టించాడు. మరువం చేతికి తెలియకపోయినా ముక్కుకి తెలిసింది. ఒక్కో ఆకూ తుంచి, నలిపి, వాసన చూస్తూ పోతుంటే కొట్టావిడ ప్రాణం ఉసూరుమంది. అన్నీ నలిపేస్తే నేనేం అమ్ముకోవాలని గొణిగింది.

"చూడకుండా ఎవరైనా కొంటారా? చూసుకుంటున్నాను," అన్నాడు ఆయన.

కలబంద దగ్గర భార్య అడ్డుపడింది. ముళ్ళు గుచ్చుకుంటాయంది.

"గుచ్చుకుంటేనే కదా అది కలబంద అని తెలిసేది," అన్నాడు.

ఇంటికొచ్చి తనే సర్దుకున్నాడు. బావమరిది తెచ్చినవాటిలో పుదీనా మాత్రం ఉంచుకుని, అది పాకి పక్కవాటి చోటు ఆక్రమిస్తుందని కింద డబ్బాలోకి దింపాడు. మిగతావాటికి గుర్తులు స్టాండు మీదే ఉన్నాయి. కుర్రతనంలో వేసిన వెల్డింగ్ అతుకులు కదా, ఒకటి ఉబ్బెత్తుగా, ఒకటి గరుకుగా, ఒకటి నున్నగా, దేని తీరు దానిది. ఉబ్బెత్తు అతుకు దగ్గర వామాకు, గరుకుదాని దగ్గర నిమ్మగడ్డి, నున్నటిదాని దగ్గర మరువం, మూల మీద కలబంద. వారం తిరిగేసరికి ఎవరినీ పిలవకుండా నిమ్మగడ్డి కోసి, తనే నీళ్ళలో మరిగించి, భార్యకో గ్లాసు పోసి ఇచ్చాడు. ఆమె మిషను దగ్గరే కూర్చుని తాగింది. చక్కెర ఎక్కువైందని మాత్రం అంది.

ఒకరోజు ఆమె బాల్కనీ కడుగుతూ, ఎండ తగలక వాడిపోతున్నాయని కుండీలు అటూ ఇటూ మార్చింది. ఆయన నిమ్మగడ్డి కోసమని ధీమాగా చెయ్యి పెట్టి కలబందని గుప్పిట పట్టాడు. నెత్తురొచ్చింది. ఆమె పరిగెత్తుకొచ్చి గుడ్డముక్క చుట్టబోతే చెయ్యి లాక్కున్నాడు.

"నీ కత్తెర ఎవరైనా జానెడు జరిపితే ఇల్లు పీకి పందిరేస్తావు. నా మొక్కలు జరపడానికి నువ్వెవరు? ఎండ లేకపోతే ఎండిపోనీ. నేను పెట్టినచోట ఎండిపోనీ."

ముల్లు కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకున్నట్టుంది ఆమెకి. కిందటేడు కత్తెర అల్మారాలో పెట్టినందుకు తమ్ముడితో నెల రోజులు మాట్లాడలేదు తను. కుండీలు ఒక్కొక్కటే ఆయన చేతికి అందించింది. ఆయన అతుకు తడుముకుంటూ, తిట్టుకుంటూ, మళ్ళీ దేనిచోట దాన్ని పెట్టాడు. ఆ పూట నిమ్మగడ్డి నీళ్ళు ఆయన ఒక్కడే తాగాడు.

కొన్నాళ్ళకి బావమరిది ధైర్యం చేసి మళ్ళీ వచ్చాడు. బాల్కనీలో నిలబడి, ఈ మరువం కాస్త ముందుకుంటే అందంగా ఉంటుంది బావా అన్నాడు. కుండీ ఎత్తిన చప్పుడు వినిపించింది. నిప్పురవ్వ నోరు తెరిచేలోగానే లోపల మిషను టక్కున ఆగింది.

"చెయ్యి తియ్యరా. ముట్టుకుంటే విరగ్గొడతాను," అంది అక్క.

కుండీ ఎక్కడిదక్కడ దిగింది. నిప్పురవ్వ చెవి అటు పెట్టాడు, ఇంకేమైనా అంటుందేమోనని. మిషను మళ్ళీ మొదలైంది. మిషను చప్పుడు వస్తున్న వైపు ముఖం తిప్పి గట్టిగా అన్నాడు:

"నా తిట్లు కూడా నువ్వే తిట్టేస్తే ఇంక నేనెందుకే ఇంట్లో?"