పాలకుల దగ్గర మాడిన ఆలుగడ్డలు

పోయిన ఆదివారం మా మేనత్త పోయింది. మంచం పక్కన పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టి సగానికైనా రాలేదట, ఈమె కన్ను మూసింది. తమ్ముడు ఫోనులో ఈ మాట చెప్తుంటే ఏడుస్తూనే నవ్వాను. ప్రార్థనను మధ్యలో ఆపడం అత్తమ్మకు కొత్త కాదు మరి.

మెట్టుగూడలో ఒక మిషన్ బడిలో ఆమె పంతులమ్మ. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక నన్నూ తమ్ముణ్ణీ ఆమే సాకింది. బొల్లారంలో ఎవరో దొరసాని దగ్గర కాల్చిన ఆలుగడ్డలు చేయడం నేర్చుకుంది. దొరసానికి ఓవెన్ ఉండేది, మాకేముంది? ఇనుప డేగిసాలో ఇసుక పోసి, ఆలుగడ్డలు తొక్కతోనే పూడ్చి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు. కాలాక కోసి, లోపలి గుజ్జులో గడ్డపెరుగు, ఉడికిన పెసర్లు, మెంతికూర, పచ్చిమిర్చి కలిపి మళ్లీ తొక్కలోకే కూరేది. చుక్క నూనె పడనిచ్చేది కాదు. "తొక్క సుత తినుండ్రి. బలమంతా అండ్లనే ఉంటది," అని పక్కన నిలబడి మరీ తినిపించేది. రెండు తింటే తెల్లారేదాకా ఆకలి మాటే ఉండేది కాదు.

అవి కాలడానికి ఆమె గడియారం చూసేది కాదు, సాయంత్రం తాత చేసే ఇంటి ప్రార్థన వినేది. తాత రిటైరైన రైల్వే గార్డు, చర్చిలో సంఘపెద్ద. ప్రార్థనలో కూడా ఏ స్టేషనూ వదిలేవాడు కాదు. మొదట బంధువులు, తర్వాత రోగులు, ఆపైన రైళ్లు, చివరికి పాలకులు. కీర్తన ఎత్తుకోగానే అత్తమ్మ డేగిసా పొయ్యి మీద పెట్టేది. నిజాం ప్రభువు ఆయురారోగ్యాల మాట అయిపోగానే లేచి నిప్పులు దించేది. ఎన్నడూ ఒక్క గడ్డ పచ్చిగా లేదు, ఒక్కటి మాడలేదు.

భారత సైన్యం వచ్చిన పోలీసు చర్య అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నిజాం లొంగిపోయాడని రేడియోలో విన్న నాటి నుంచి మా పక్కింటి తలుపు తెరుచుకోలేదు. అందులో ఒక ముస్లిం దర్జీ భార్య, ఇద్దరు ఆడపిల్లలు. దర్జీ రాంగోపాల్‌పేట్‌లో అన్న ఇంట్లో క్షేమంగానే చిక్కుపడ్డాడని కబురు వచ్చింది. అయినా గొళ్లెం తియ్యదు, పొయ్యి వెలిగించదు. ఊళ్లో అందరికీ భయపడితే సరే, మాకూ భయపడుతోందన్నదే అత్తమ్మ బాధ. రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం వెళ్లి ఆ గడప మీద కూర్చుంది. వెనకాలే నేను.

"చెల్లె, నేనే. ఆలుగడ్డలు పెడుతున్న. పిల్లల్ని తీస్కొని రా."

"వద్దక్కా, తక్లీఫ్ ఎందుకు? మేం తిన్నం."

"పొయ్యి ముట్టియ్యకుండ ఏం తిన్నవే, గాలి తిన్నవా?"

"మీ నాయిన ఏమన్న అంటడేమో అక్కా," అంది లోపలి నుంచి.

"మా నాయిన ఏమంటడో ప్రార్థన అయ్యేదాంక ఆయనకే తెల్వది. జెర తలుపు తియ్యి!"

వచ్చింది. పిల్లల్ని ఒళ్లో ఇరికించుకుని, లేచి పారిపోవడానికి వీలుగా గుమ్మం దగ్గరే కూర్చుంది.

కీర్తన అయింది. బంధువులు, రోగులు, రైళ్లు బాగానే సాగాయి. పాలకుల దగ్గర తాత ఆగిపోయాడు. నిజాం పేరు చెబుదామంటే లొంగిపోయాడు. వచ్చిన సైన్యాన్ని దీవించమందామంటే గుమ్మం దగ్గర ఆ తల్లి వణుకుతోంది. పాపం, ఎవరినీ నొప్పించకుండా నడపబోయాడు. "ప్రభువా, సింహాసనముల మీద కూర్చున్నవారిని, దిగినవారిని, ఎక్కబోవువారిని, మోయువారిని..." అంటూ లోకంలోని సింహాసనాలన్నీ తిరగసాగాడు. పాలకులు ఒక కొలిక్కి వస్తే గదా అత్తమ్మ లేచేది! మాడు వాసన గది నిండింది. తాత సింహాసనాలు దాటి సైన్యాల గుర్రాలను, వాటికి గడ్డి కోసేవారిని దీవించమని వేడుకుంటున్నాడు.

"ఆమెన్!" అని అరిచింది అత్తమ్మ.

అలవాటు కొద్దీ మేమంతా "ఆమెన్" అన్నాం. గుమ్మం దగ్గర దర్జీ భార్య కూడా కళ్లు మూసుకునే "ఆమీన్" అంది. తాత నోరు తెరుచుకునే ఉంది. సంఘపెద్ద ప్రార్థనను ఇంటి ఆడపిల్ల మధ్యలో తెగ్గొట్టడం మెట్టుగూడలో అదే మొదలు! ఎవరు ముందు నవ్వారో చెప్పనా? దర్జీ భార్య. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆమెను చూసి పిల్లలు, వాళ్లను చూసి మేము. అత్తమ్మ మాత్రం తిట్టుకుంటూ డేగిసా దించింది.

"తొక్క బొగ్గయింది. ఇయ్యాల బలం లేకున్న మాయె, లోపలిది గీక్కొని తినుండ్రి," అంది. తాత కిక్కురుమనకుండా నాలుగు తిన్నాడు.

అత్తమ్మ పోయిందని విన్నప్పటి నుంచి నాకు కనిపిస్తున్నది ఆ మర్నాటి సాయంత్రం. ఇంకా దీపాలు పెట్టలేదు. పక్కింటి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. దర్జీ భార్య వాకిట్లో నిప్పులు రాజేసి, మూత మీద బొగ్గులు పేరుస్తూ కేకేసింది.

"అక్కా, ఆలుగడ్డలు పెట్టిన! మీ నాయినను జెర ప్రార్థన షురూ చెయ్యమను!"

తాత కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, రెండిళ్లకూ వినబడేటట్టు గొంతెత్తాడు. రెండు వాకిళ్ల మధ్య, చేతిలో పట్టకారుతో, అత్తమ్మ కళ్లు మూసుకుని నిలబడింది.