జనానా బాగ్ మీద పరిచిన బండలు

పోలీస్ యాక్షన్ అయిపోయి ఊళ్లు కొంత సద్దుమణిగాక నన్ను వికారాబాద్ బడి నుంచి తాండూరు బడికి బదిలీ చేశారు. నాతోపాటు నా భార్య, మా అక్క వచ్చారు. అక్క చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని మా దగ్గరే ఉండిపోయింది. మాది పరిగి పక్కన పొలాలున్న కుటుంబం. మా ఇళ్లలో ఆడవాళ్లు బజారు మీదుగా నడవడమనేది లేదు. ఎక్కడికి వెళ్లాలన్నా గూడు బండి, దానికి ముందూ వెనకా పర్దా.

తాండూరులో అక్కకు నడిచే చోటు ఒకటి దొరికింది. పాత జాగీర్దారు బంగళా వెనక, చుట్టూ ఎత్తయిన గోడ ఉన్న తోట, అందరూ బాగ్ అనేవారు. వేపలు, కానుగలు, నాలుగైదు చింతలు, ఒక మోట బావి, ఆ బావి నీళ్లతో పెరిగిన గడ్డి. జాగీర్దారు కాలం నుంచీ శుక్రవారం మధ్యాహ్నం మొదలు పొద్దుగూకేదాకా అది జనానా, ఆడవాళ్లకు మాత్రమే. గేటుకు ముతక గుడ్డ పర్దా కట్టేవారు. ఆ పూట మగవాళ్లు గోడ పక్క సందులోకి కూడా వెళ్లేవారు కాదు. జాగీర్లు పోయాయి, బాగ్ సర్కారుదైంది, కానీ పర్దా కట్టడం మాత్రం ఆగలేదు. కట్టమన్నవాళ్లూ లేరు, మానమన్నవాళ్లూ లేరు.

మా ఇంటి వెనక సందు నేరుగా ఆ గేటు దగ్గరికి తేలేది కాబట్టి బండితో పనిలేదు. అక్క నడిచే వెళ్లేది. ముస్లింల ఇళ్ల ఆడవాళ్లు లోపలికి రాగానే బురఖాలు తీసి కొమ్మలకు తగిలించేవారట. అందరూ చెప్పులు గేటు దగ్గర వదిలి గడ్డిలో తిరిగేవారట. ఇదంతా అక్క చెబితే తెలిసిందే తప్ప నేను చూసింది కాదు.

"అంతసేపు ఏం చేస్తరక్కా లోపల?" అని ఒకసారి అడిగాను.

"ఏం చేస్తం? నడుస్తం. నువ్వు రోజూ చేసే పనే" అంది.

ఆ మాట ఆ రోజు డైరీలో రాసుకున్నాను. మిగతా ఆరు రోజులు ఆమె వంటింటికీ వాకిలికీ మధ్యే ఉండేది. శుక్రవారం సాయంత్రం తిరిగొచ్చాక ఆమె గొంతులో ఒక తేట ఉండేది. నా భార్య కూడా అది గమనించింది.

కొన్నేళ్లకు ఊరి అభివృద్ధి కోసమని ఒక కమిటీ ఏర్పడింది. దాని పెద్ద ఒక బండల వ్యాపారి. అందరూ సేటు అనేవారు. చదువుకున్నవాళ్ల సలహా కావాలని నన్నూ పిలిచారు. సలహా అంటే అక్కడ పరిచిన జంపఖానా మీద కూర్చుని తలూపడమని వెళ్లాక తెలిసింది.

"పంతులూ, పట్నంల పార్కులు చూసినవు గదా. మనూరికి గసుంటిది ఒకటి వద్దా?" అన్నాడు సేటు.

"బాగ్ ఉన్నది గదా సేటూ."

"గది బాగా? అడవి. గోడకు పాకురు వట్టింది."

"శుక్రవారం ఆడవాళ్లు వస్తరు. గోడ పోతే వాళ్లెట్ల వస్తరు?"

"ఆడోళ్ల కోసమే చేస్తున్నం. జర చూడు నువ్వు" అని పాన్ డబ్బా నా వైపు జరిపాడు.

ముందు గోడ కూల్చారు. కూల్చిన రాయిని ఎక్కడ వేయాలో తోచక బావిలో వేశారు. బావి పూడాక దాని మీద దుకాణాలు కట్టారు. ముఖాలు అటు రోడ్డుకూ, ఇటు బాగ్‌కూ. తర్వాత బండలు వచ్చాయి. తాండూరుకు ఇదొక జబ్బు. ఇంటి నేల బండ, గోడ బండ, కప్పు బండ, చివరికి పశువుల కొట్టంలోనూ బండే. మట్టి కనబడితే పరువు పోయినట్టు చూసే ఊరు. నీలం బండ, పసుపు బండ చదరంగం గళ్లలా పరుచుకుంటూ పోయి, చెట్ల మొదళ్లకు ఆనించి సున్నంతో అతుకులు పూశారు. చుక్క నీరు కిందికి దిగే దారి లేదు. మరుసటి ఎండాకాలానికి వేపలు పసుపెక్కాయి. చెట్లకు ఏదో రోగం వచ్చిందన్నారు. రోగం ఎవరిదో అడిగినవాడు లేడు.

నడుమ ఒక బొమ్మ. నెత్తిన బిందె పెట్టుకున్న ఆడమనిషి, సిమెంటుది. గులాబీ బుగ్గలు, ఆకుపచ్చ రవిక, కళ్లకు తారులాంటి కాటుక. బిందెలోంచి నీళ్లు దూకాలని లోపల గొట్టం పెట్టారు. బావి తామే పూడ్చామన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ గుర్తు రాలేదు. ప్రారంభం నాడు ఒక కూలీ బొమ్మ వెనక నిచ్చెన మీద నిలబడి బకెట్లతో నీళ్లు పోశాడు. పెద్దలు చప్పట్లు కొట్టారు. నెల తిరగకముందే ఎవరో దాని కాళ్లకు పసుపు రాశారు, ఇంకెవరో బొట్టు పెట్టారు. ఆపైన కొబ్బరికాయలు. చివరి దుకాణంలో కొబ్బరికాయలే అమ్మసాగారు. కుళ్లిన కొబ్బరి నీళ్ల వాసనకు ఈగలు ముసిరేవి. 

అక్క చాలా వారాలు అటు వెళ్లలేదు. ఒక శుక్రవారం, అలవాటైన ఆడవాళ్లు ఐదారుగురు కూడబలుక్కుని వెళ్దామన్నారు. మగవాళ్లను కాసేపు జరగమని అడగడానికి నేను వెంట వెళ్లాను. గేటు లేకపోయినా, అది ఉండిన చోట వాళ్లు పాత అలవాటుగా చెప్పులు విడిచారు. పది అడుగులు వేసేసరికి బండకు కాళ్లు కాలి, చీర అంచులు పట్టుకుని గబగబా బొమ్మ నీడలోకి పరుగెత్తారు. దుకాణాల ముందు కుర్చీల్లో ఉన్నవాళ్లు అది తమాషాలా చూశారు. వాళ్లలో సేటూ ఉన్నాడు.

"సేటూ, జరసేపు మీవాళ్లను అవతలి దిక్కు కూసోమను" అన్నాను.

"గిరాకిని లేపుమంటవా పంతులూ? తిరగనీ. ఎవలన్న తింటరా వాళ్లను?" అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు. "ఆడోళ్లకని అమ్మోరినే పెట్టిస్తిమి గదమ్మా. దండం వెట్టుకోర్రి."

"ఆమెది సిమెంటు ఒళ్లు సేటూ. కాళ్లు కాలయి. ఎవలు చూసినా ఫికర్ లేదు" అంది అక్క.

కుర్చీలోంచి ఒకడు నవ్వాడు. "చెప్పులేసుకొని తిరిగితే అయిపాయె గదా పెద్దమ్మా."

"చెప్పులేసుకొని తిరిగేటందుకు బజారు లేదా కొడుకా? దానికి తోట ఎందుకు కూల్చిండ్రు?"

అంటూనే చెప్పులు తొడుక్కుని ఇంటి వెనక సందు వైపు కాక బజారు వైపు నడిచింది. మిగతావాళ్లు ఒక క్షణం ఆగి వెంట వెళ్లారు. హోటల్ ముందు చాయ్ తాగుతున్నవాళ్లు కప్పులు దించి చూశారు. నేను వెనక నడిచాను.

ఆ తర్వాత కొన్ని శుక్రవారాలు అక్క బజారు మీదుగా స్టేషన్ దాకా వెళ్లి వచ్చింది. తోడు వచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. ఆ రోడ్డుకు రెండు వైపులా మురికి కాలువలు, నడుమ పేడ, బండల లారీలు లేపే తెల్ల దుమ్ము. ఇంటికి రాగానే చీర అంచు ఉతుక్కునేది, దగ్గేది. గొంతులో ఆ తేట లేదు. ఒకరోజు లారీ ఆమె మీద కాలువ నీళ్లు చిమ్మి పోయింది. ఆ వారంతో నడక ఆగింది.

అది ఆగిన తర్వాతే కమిటీ వార్షిక సభ జరిగింది. సేటు ఉపన్యాసం చెప్పాడు. ఈ ఊరి ఆడవాళ్లు గోడల వెనకాల ఉండేవాళ్లు, మన పార్కు వచ్చాక ధైర్యంగా బజార్లో నడుస్తున్నారు, ఇదీ అభివృద్ధి అన్నాడు. నిలువ నీడ లేకుండా చేసి, రోడ్డు మీదికి తోలి, అదీ తమ ఘనతే అని రాసుకున్నారు. చప్పట్ల మధ్యలో లేచి బయటికి వచ్చాను. వాళ్లిచ్చిన పాన్ కాలువలో ఉమ్మేశాను. నోరు కడుక్కున్నా ఆ రుచి పోలేదు.

ఇంట్లో అక్క చింతపండు గింజలు తీస్తోంది.

"ఏమన్నరు తమ్మీ మీటింగుల?"

"ఎండిన చెట్లు కొట్టేసి ఇంకో వరుస దుకాణాలు కడతరంట."

ఆమె తీసిన గింజలు ఒక పక్కకు ఊడ్చింది.

"వికారాబాద్‌కు బదిలీకి అర్జీ పెట్టు. ఆడ గుట్ట దిక్కు చెట్లున్నయి."

"ఆడ జనానా లేదక్కా. అందరు తిరిగే తొవ్వ."

"ఈడ ఉన్నదా?"

మర్నాడు బడి తెరవగానే అర్జీ రాసి ఇచ్చాను.