మూడో కుంటలో మునిగిన జక్రయ్య

ఊరంతా వాడి పారబోసిన నీళ్లను కడుపునిండా తాగి, మర్నాడే పెళ్లి చేసుకున్న మగాడు ఈ భూమ్మీద జక్రయ్య ఒక్కడే. కడుపునిండా అన్నది కాస్త ఎక్కువేమో. రెండు గుక్కలనుకుందాం. పెళ్లి మాత్రం నిజం.

సత్తెనపల్లి అవతల ఆ చిన్న పట్టణంలో మురుగునీటి కుంటలు మూడు తవ్వినప్పటినుంచీ జక్రయ్యే వాటికి కాపలాదారు. ఊళ్లో కాలవలన్నీ వచ్చి మొదటి కుంటలో పడతాయి. అక్కడ బురద అడుక్కి దిగుతుంది. రెండోదానిలో నీళ్లు ఎండకి మగ్గి పచ్చబడతాయి. మూడోదానికి వచ్చేసరికి తేరుకుని, తూము దాటి వాగులో కలుస్తాయి. "మురుగు జక్రయ్య" అని ఎవరు వెక్కిరించినా అతనిది ఒకటే జవాబు: మూడో కుంట నీళ్లు కొబ్బరినీళ్లు. చెప్పగా చెప్పగా ఆ మాట మీద అతనికే నమ్మకం కుదిరింది, ఒంటిమీద చుక్క పడనంతవరకు.

ఎనభై ఆరు వేసవిలో ఆ మాటే మెడకు చుట్టుకుంది. మేనమామ మార్కు కూతురు ఎలీసమ్మతో పెళ్లి కుదిరింది. మార్కు సంఘపెద్ద. నిండా మునిగి బాప్తిస్మం తీసుకోనివాడికి పిల్లనివ్వనన్నాడు. జక్రయ్య పుట్టిందగ్గర్నుంచీ గుడికి వెళ్తున్నవాడే గానీ, మునగడాన్ని మాత్రం ఏటికేడు వాయిదా వేస్తూ వచ్చాడు. తీరా సిద్ధపడేసరికి సాగర్ కాలవకి నీళ్లు కట్టేశారు. వాగులో నీళ్లు బాతు కాళ్లకి కూడా చాలవు. పెళ్లేమో శనివారం. ఆలోగా మునక్కపోతే నరసరావుపేట సంబంధం ఉండనే ఉందని మార్కు గుర్తుచేశాడు.

ఎలీసమ్మ నేరుగా కుంటల దగ్గరకే వచ్చింది.

"నిండా నీళ్లున్న చోటు ఊరు మొత్తానికి ఇదొక్కటేగా బావా."

మొదటి కుంటలోకి ఏమేం వస్తాయో రోజూ చూసేవాడు జక్రయ్యే. లోతెక్కువన్నాడు. జారుడన్నాడు. పాములున్నాయన్నాడు.

"కొబ్బరినీళ్లన్నావుగా?"

"అన్నా. మునుగుతానని అనలా."

అంతలో కొరమీను ఒకటి పైకొచ్చి, గాలి పీల్చుకుని మళ్లీ లోపలికి పోయింది.

"అది బతకట్లా? నువ్వు దానికంటే సుకుమారమా? మునగనంటే చెప్పు, నాన్నకి రెండు మాటలు చెబుతా. నువ్వు మునగలేదనీ, నీ కుంట అబద్ధమనీ."

మొదటిమాటకంటే ఆ రెండోమాటే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

శుక్రవారం పొద్దున సంఘమంతా మూడో కుంట గట్టెక్కింది. కొత్తగా వచ్చిన పాస్టరు ప్రేమదాసు అయ్యగారికి అది ఏ చెరువో ఎవరూ చెప్పలేదు. మొదటి కుంట వాసన రావలసినంత వస్తూనే ఉంది గానీ, పక్క కల్లంలో రైతు యలమందయ్య మిరపకాయలు తిరగేయిస్తున్నాడు. ఆ ఘాటుకి అయ్యగారి ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది.

ఆయన ప్రార్థన చేసి, జక్రయ్యను వెనక్కి వంచి నీళ్లలో ముంచారు. సరిగ్గా అప్పుడే కల్లం వైపునుంచి గాలి విసిరికొట్టింది. ఒక తుమ్ము. దాని వెనకే ఇంకోటి. తుమ్మిన ప్రతిసారీ అయ్యగారు ముందుకు ఒరిగారు, ఆయన చేతుల కింద జక్రయ్య ఉన్నాడు. తుమ్ములు తెరిపిచ్చేసరికి అతను కొబ్బరినీళ్ల రుచి చూడనే చూశాడు.

లేచి నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

"ఎట్టుందిరా?" అన్నాడు మార్కు.

"ఉప్పు కాస్త తగ్గింది మామా."

మర్నాడు పెళ్లిలో జనం పెళ్లికూతుర్ని చూడలేదు, అతని పొట్టకేసే చూస్తూ కూర్చున్నారు. అతను మూడోసారి పలావు వేయించుకున్నాక గానీ ఎవరికీ ముద్ద దిగలేదు. అన్నాళ్లూ ఆ నీళ్లు తన చేనువైపు రానివ్వనని తూము దగ్గర గొడవపడిన యలమందయ్య, ఆ ఏడు పత్తి వేయగానే పార భుజాన వేసుకుని వచ్చి, తనకీ ఓ పిల్లకాలవ కావాలన్నాడు.

ఇప్పుడు వెళ్లి జక్రయ్యనే అడగండి. ఎలీసమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి తప్పుకుంటుంది. అతను మాత్రం రెప్ప వేయకుండా చెబుతాడు:

"అంతా అబద్ధమండీ. నేను మునిగింది సాగర్ కాలవలో. కుంటలా? ఏ కుంటలు?"