ఆరు పాయింట్ ఎనిమిది

ముందుగా క్షమాపణలు. అమెరికా దేశపు కార్ల తయారీదారులకు, ఇంగ్లిషు చదవడం వచ్చిన సమస్త మానవాళికి, గణితశాస్త్రానికి, తాండూరు–వికారాబాద్ బస్సులో ముందు సీటు పెద్దలకు, నేను చెయ్యని తప్పులన్నిటికీ చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. చేసిన తప్పు ఒకటుంది. దాని సంగతి చివర్లో చూద్దాం.

మా పక్కింటి చాచా పోయాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి, అన్నం తిని, షెడ్డు ముందు మంచం మీద ఒరిగి, మళ్లీ లేవలేదు. వికారాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నాకు, తాండూరు రైలు దిగిన మనిషి ఒకడు కబురు చెప్పాడు. ఏడ్చాను. ఆ తర్వాత వారం తిరక్కుండా, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, గుండె మీది బండ దిగినట్టయింది. తాండూరు వాణ్ణి. బండ బరువెంతో నాకు తెలుసు.

చాచా లారీల మెకానిక్. మా ఊళ్లో నాపరాయి మోసే లారీల్లో ఆయన చెయ్యి పడనిది లేదు. ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, డాక్టరులా కళ్లు మూసుకునేవాడు. వాల్వుల దగ్గర వెంట్రుకంత సందు ఉంచాలి. అది చూసుకోవడానికి కొలత రేకు ఉంటుంది. చాచా ఆ రేకు ముట్టేవాడు కాదు. ఒక కన్ను మూసి చూసి, "జర ఎక్కువైంది" అనేవాడు. అనుమానం ఉన్నవాళ్లు రేకు పెట్టి చూస్తే జర ఎక్కువే ఉండేది. బజారంతా ఆయన్ని ఉస్తాద్ అనేది. గోడ పక్కన పుట్టి పెరిగిన నాకు మాత్రం మొదటి నుంచీ చాచాయే.

ఆయన షెడ్డు గోడకు అద్దం చట్రంలో ఒక కాగితం వేలాడేది. హైదరాబాదు నుంచి తెప్పించిన పిస్టన్ రింగులకు చుట్టి వచ్చిన అమెరికా పత్రిక పేజీ. మూలన 1969 అని ఉంది. పైన నాలుగు కార్ల బొమ్మలు. ఒక్కోదాని ముక్కు మా ఇంటి అరుగంత పొడుగు. కింద పట్టిక. ఆగి ఉన్న బండి గంటకు అరవై మైళ్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో అందులో రాశారు. (మా తాండూరు బస్సు ఆ వేగం అందుకోవాలంటే అనంతగిరి గుట్ట మీది నుంచి కిందికి తోసెయ్యాలి.) చాచా మనసు పడ్డది ఎర్ర కారు మీద. ఆయనకు ఇంగ్లిషు రాదు, అంకెలు వచ్చు. మిగతా మూడింటికీ 6.4, 6.5, 6.6. ఎర్రదానికి 6.8.

నేను వికారాబాద్ కాలేజీలో చేరి, ఇంగ్లిషు వచ్చినవాడినని వీధిలో పేరు మోసిన కొత్తలో, నన్ను ఆ కాగితం ముందు నిలబెట్టాడు.

"బేటా, అన్నిట్ల పెద్ద నంబరు మన ఎర్రదానిదే. ఫస్టే గద?"

సెకన్లు తక్కువైతేనే గొప్ప. ఎర్రది నాలుగింటిలో నాలుగోది. కానీ ఆ మొహం చూశాక ఆ మాట చెప్పబుద్ధి కాలేదు.

"పెద్ద నంబరే చాచా," అన్నాను. గమనించండి, అబద్ధం ఆడలేదు.

ఆ రోజు నుంచి ఆ అంకె బిరుదైపోయింది. బిర్యానీ కుదిరితే "ఆరు పాయింట్ ఎనిమిది ఉన్నది" అనేవాడు. వాన బాగా పడితే ఆరు పాయింట్ ఎనిమిది. నేను డిగ్రీ థర్డ్ క్లాసులో గట్టెక్కినప్పుడు వీపు చరిచి, "ఆరు పాయింట్ ఎనిమిది, బేటా!" అన్నాడు. అసలు లెక్క తెలిసినవాణ్ణి గనక ఒప్పుకోక తప్పలేదు. సరిగ్గా అంతే.

ఉద్యోగం లేక షెడ్డులో చాయ్ తాగుతూ కూర్చున్న ఆ రోజుల్లోనే వచ్చింది ఆపద, మా బస్సు డ్రైవరు రూపంలో.

"గా ఎర్రది దున్నపోతు, ఉస్తాద్. సూడనీకె లావు. ఉర్కనీకె ఏడికెల్లి వస్తది?"

"ఆరు పాయింట్ ఎనిమిది! కండ్లు లెవ్వా నీకు?"

"ఏం ఎనిమిదో ఎవలికెరుక? సదివింది నీ పక్కింటి పిలగాడాయె. వాడు నీ దిక్కె జెప్తడు. రేపు నా బస్సుల కొత్త ఇంజనీరు సారు వస్తుండు. ఆయనతోని సదివిపిద్దాం, రా!"

చాచా చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "సదివిపియ్. ఎర్రది ఫస్టు రాకుంటె నన్నెవ్వడు ఉస్తాద్ అనొద్దు. అన్నా నేను పలకను."

పదిమంది విన్నారు. ఎవరూ నవ్వలేదు. ముప్పై ఏళ్లు నూనె చేతులతో పనిచేసి ఆయన సంపాదించుకున్నది ఆ ఒక్క మాటే.

నా మొహం పాలిపోవడం చూసి, "ఫికర్ చెయ్యకు బేటా," అని నాకే ధైర్యం చెప్పాడు. చట్రం గోడ మీంచి దించి నా చేతిలో పెట్టాడు. "ఇంటికి తీస్కపోయి జర అద్దం తుడుస్కరా. సారు సదవాలె గద."

మర్నాడు పొద్దున ఇంజనీరు వచ్చి, చట్రం మీదికి వంగాడు.

"ఇవి సెకన్లు. ఎంత తక్కువైతే బండి అంత ఫాస్టు," అన్నాడు.

చాచా మొహంలో నెత్తురు లేదు.

"ఎర్రది... ఆరు పాయింట్ మూడు. మిగతావన్నీ దీని వెనకే. ఇదే ఫస్టు."

షెడ్డంతా కేకలు. డ్రైవరు ఒక్కడు ఊరుకోలేదు. "ఆగుండ్రి! రోజూ ఆరు పాయింట్ ఎనిమిది అంటుంటివి గద, ఉస్తాద్? మూడెట్లయింది?"

చాచా కాగితం దగ్గరకు వెళ్లాడు. ఒక కన్ను మూసి చూశాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు, బస్సు గేరు మారేంత సేపు. అప్పుడు నెమ్మదిగా కళ్లు నులుముకున్నాడు.

"కండ్లు మసకైనయ్ భయ్. మూడుని ఎనిమిదనుకున్న ఇన్ని దినాలు."

నాలుగు రోజులకే ఆయన ముక్కు మీదికి కళ్లజోడు వచ్చింది. "కండ్లు కనవడనోడు ఏం ఉస్తాదు? చాచా అనుండ్రి," అని అందరికీ చెప్పాడు. ఉస్తాద్ అని పిలిస్తే నిజంగానే పలికేవాడు కాదు. ఆరు పాయింట్ ఎనిమిది అనడమూ మానేశాడు. ఏడేళ్లు, ఆ కళ్లజోడు చూసినప్పుడల్లా చాయ్ గ్లాసు సగంలోనే వదిలేసి లేచిపోయేవాణ్ణి. వెంట్రుకంత సందు కనిపెట్టే మనిషి నా మూలంగా తన కళ్లను తానే నమ్మడం మానుకున్నాడే అని కుమిలిపోయాను. పనిలోకి దిగేటప్పుడు మాత్రం ఆ జోడు నుదుటి మీదికి ఎక్కేది. ముసలివాళ్ల అలవాటేమో అనుకున్నాను.

నేను తాండూరు వెళ్లి, ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి వచ్చాక చాచా కొడుకు ఆ చట్రం, కళ్లజోడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మా అబ్బా ఎన్నడో చెప్పిండు, ఇవి నీకే ఇయ్యిమని, భయ్యా. ఎందుకంటె చెప్పలె. నవ్విండు."

జోడు పెట్టుకుని కాగితం చూశాను. అక్షరం పెరగలేదు, తరగలేదు. తీసి చూశాను. అంతే ఉంది. వికారాబాద్‌కు తిరిగొచ్చాక కళ్లద్దాల దుకాణంలో చూపించాను. అతను కిటికీ దగ్గర పట్టుకుని చూసి, "పవరేం లేదు సార్. సాదా అద్దం," అన్నాడు.

ఆ దుకాణంలోనే కూర్చుని నవ్వాను. దుకాణదారు భయపడి నీళ్లు ఇచ్చాడు. చాచా కళ్లకు ఏ రోజూ ఏమీ కాలేదు. పందెం ఓడిపోయానని తెలిసే ఉస్తాద్ అనే మాట వదిలేశాడు. నా పరువు పోకూడదని అక్కర్లేని కళ్లజోడు ఏడేళ్లు మోశాడు. బండ దిగిందన్నది అందుకే.

ఇక నేను చేసిన ఆ ఒక్క పని. అద్దం తుడవమని చట్రం ఇచ్చిన సాయంత్రం, మా నాయన గడ్డం గీసుకునే బ్లేడు తీసి, ఎనిమిదికి ఎడమ పక్కనున్న రెండు వంపులూ గీకేశాను. ఆ అంకె చాచాకు కంఠతా వచ్చన్న సంగతి, థర్డ్ క్లాసు బుర్ర కదా, మరిచిపోయాను.

ఆ కాగితం ఇప్పుడు నా గది కిటికీలో ఉంది. పొద్దున ఎండ వెనక నుంచి పడితే, గీకి పలచబడ్డ చోట రెండు వంపులూ వెలుగుతాయి. కాసేపు అక్కడ మళ్లీ ఎనిమిదే కనిపిస్తుంది.