బెరిల్ మార్చిన తీగలు

బెరిల్ హాకెట్‌ను కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టగలిగినవాళ్లు నది ఒడ్డున ఉన్న మా గ్రేవ్‌సెండ్‌లో ఎవరూ లేరు. ఒక్క ఫ్యాక్టరీ బెంచీ దగ్గరే ఆమె కాస్త నిలకడగా ఉండేది. 1963లో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని గిటార్ యాంప్లిఫయర్లకు కరిగించిన సీసంతో తీగలు అతికించేవాళ్లం. ఆమెకు ఇరవై, నాకు పద్దెనిమిది.

ఏ తీగ ఎటు పోవాలో ఇంజినీర్లు గీసిచ్చిన నక్షా ప్రకారమే అంతా కట్టాలి. వాల్వులనే గాజు గొట్టాలను వేడిచేసే తీగలు రేకు పెట్టె మధ్యలోంచి పోవాలని అందులో ఉండేది. అలా కడితే స్పీకర్ గుయ్‌మని మూలిగేది. ఒకరోజు బెరిల్ ఆ రెండు తీగలనూ పురి తిప్పి పెనవేసి, పెట్టె మూలకు నొక్కి అతికించింది. మూలుగు ఆగిపోయింది.

ఫోర్‌మన్ రెజ్ పోల్‌గ్రీవ్ చూసి మండిపడ్డాడు.

"ఏం పిల్లా, నువ్వు ఇంజినీరువి ఎప్పుడయ్యావ్?"

"మీ ఇంజినీరుకి చెవులు మొలిచేదాకా నేనే చూస్తాలెండి."

బెంచీ అంతా ఘొల్లున నవ్వింది. రెజ్ దగ్గరుండి ఆ పెట్టెను విప్పించి మళ్లీ కట్టించాడు. అతను అటు తిరగ్గానే తర్వాతిదాన్ని ఆమె తన పద్ధతిలోనే కట్టింది. నెల తిరిగేసరికి మేమందరం అలాగే కడుతున్నాం. నక్షాను మాత్రం ఎవరూ దిద్దలేదు.

కొన్నేళ్లకు ఫ్యాక్టరీ మూతపడింది. బెరిల్ బడి వంటశాలలో, లాండ్రీలో, బస్సులో కండక్టరుగా పనిచేసింది. ఎక్కడా రెండేళ్లు నిలవలేదు. "దీని కాళ్లకు చక్రాలున్నాయి" అని మొగుడు లెన్ విసుక్కునేవాడు.

1993లో ఏడ్రియన్ థర్కెటిల్ అనే ఇంజినీరు, ఒకప్పుడు ఆ బెంచీ దగ్గర పనిచేసినవాళ్లను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. పాత కంపెనీ పేరు, నక్షాలు కొన్న కొత్తవాళ్ల తరఫు మనిషి. ఆ యాంప్లిఫయర్లనే మళ్లీ తయారుచేస్తుంటే, అవి మూలుగుతున్నాయట. నేను అతన్ని బెరిల్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె నిలబడే బంగాళాదుంపలు చెక్కుతోంది.

"పాతదొకటి విప్పి చూశాం, మిసెస్ హాకెట్. అందులో తీగలు మూలకున్నాయి. ఎవరో మరమ్మతు చేసి పాడుచేశారనుకున్నాం" అన్నాడతను.

"పాడుచేసింది నేనే నాయనా" అంది బెరిల్.

వచ్చి చూపించమని బతిమాలాడు. ఆమె కత్తి పక్కన పెట్టి బయటికి నడిచింది. మూడు రోజులు నది ఒడ్డున ఒకటే నడక. నేను వెంటపడి అడిగితే చేతులు చాపి చూపించింది. "వణుకుతున్నాయే ఐవీ. అందరి ముందూ పరువు పోతే?"

నాలుగో రోజు తనే ఫోన్ చేసి వస్తానంది. వాళ్ల ఫ్యాక్టరీకి నన్నూ లాక్కెళ్లింది.

మొదటి అతుకు ఊడిపోయింది. బూతొకటి తిట్టి మళ్లీ మొదలుపెట్టింది. అరగంటలో స్పీకర్ నోరు మూసుకుంది. అయినా అక్కడి మేనేజరు మొహం ముడుచుకున్నాడు.

"పాతకాలపు అసలు నక్షా ప్రకారమే చేస్తామని ప్రకటించాం. కొనేవాళ్లకు కావాల్సింది అదే."

"అసలుదంటే కాగితమా, పెట్టెనా?" అని బెరిల్ గయ్‌మంది.

ఏడ్రియన్ రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి స్విచ్ వేశాడు. ఒకటి రొద పెట్టింది, ఒకటి పెట్టలేదు. మేనేజరు కాసేపు విన్నాడు. ఆ వారంలోనే నక్షా మారింది. కొత్తగా చేరిన ఐదుగురు అమ్మాయిలకు పని నేర్పమని బెరిల్‌ను ఉంచేసుకున్నారు.

తర్వాతి ఏప్రిల్‌లో ఒక సోమవారం ఆమె పనికి వెళ్లలేదు. గొడవేమైనా జరిగిందేమోనని నేను పరుగెత్తుకెళ్లాను.

"గొడవా పాడా! ఆ పిల్లలు చెప్పింది చెప్పినట్టే కడుతున్నారే. ఒక్కతైనా 'ఎందుకూ' అని అడగదు. నాకు ఊపిరాడలేదు" అంది, కోటు తొడుక్కుంటూ.

"ఇప్పుడెక్కడికి?"

"రేవుకి. నది అవతలికి పోయే టిల్‌బరీ పడవ మీద టికెట్లు చింపడానికి మనిషి కావాలట."