కుంకుమ కింద ఎర్ర లైటు

ఎన్నటికీ పోదు అని చెప్పి అమ్మే వస్తువంటే నాకు మొదట్నించీ అనుమానం. ఫ్యాను అమ్మేవాడు ఆ మాట అనడు. ఫ్రిజ్జు అమ్మేవాడూ అనడు. నెల్లూరు నుంచి ఉదయగిరికి కారేసుకొచ్చి, మా స్టూడియోలో ఏసీ లేదని ముఖం తుడుచుకుంటా కూర్చున్న పెద్దమనిషి మాత్రం అన్నాడు. టిఫిన్ క్యారియరు కంటే కాస్త లావుగా ఉన్న నల్ల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, "దీంట్లో పెట్టింది ఇంక పోదు సార్" అన్నాడు.

నాది ఉదయగిరిలో ఫోటో స్టూడియో. నా భార్య తమ్ముడిది ఆత్మకూరులో ఇంకో స్టూడియో. ముహూర్తాలు కుప్పగా పడ్డప్పుడు వాడు కెమెరా ఎత్తుకోని నా పెళ్లికి వస్తాడు, నేను వాడి పెళ్లికి పోతాను. తీసిన వీడియోలన్నీ హార్డ్ డిస్కుల్లో పోసి, అట్టపెట్టెలో పేర్చి, బీరువా నెత్తిన పెట్టేవాళ్ళం. అందులో ఒకటి కిందపడి ఒకరి సీమంతం మొత్తం గాల్లో కలిసిపోయినాక మా బామ్మర్దికి బుద్ధి పుట్టి ఈ నెల్లూరాయన్ని పిలిపించినాడు.

ఆయన చెప్పిన సంగతి ఇది. డబ్బాలో రెండు డిస్కులుంటాయి. ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాసుకుంటుంది. ఒకటి చచ్చినా రెండోది సంసారం నడుపుతుంది. ఇట్టాంటి డబ్బానే ఆత్మకూరులోనూ పెడతారు. ఇక్కడ చేరిందంతా ఇంటర్నెట్ వైరు మీదుగా అక్కడికీ పోయి చేరుతుంది. ఉదయగిరి స్టూడియో తగలబడిపోయినా పెళ్లిళ్లన్నీ ఆత్మకూరులో క్షేమం.

"నా స్టూడియో ఎందుకు తగలబడతాది?" అన్నాను.

"మాట వరసకు సార్."

"మాట వరసకైతే మీ కొట్టు తగలెట్టుకోండి, మధ్యలో నాదెందుకు?"

మా బామ్మర్ది మోచేత్తో పొడిచినాడు. నేను ఆగలేదు. "సరే, ఇక్కడ నేను పొరపాటున ఒక పెళ్లి చెరిపేసినాననుకో. అప్పుడు?"

"అక్కడ కూడా చెరిగిపోతుంది సార్. ఇక్కడ ఎలా ఉంటే అక్కడా అలాగే. అదే దీని గొప్ప."

"అంటే నా తప్పుకు గూడా కాపీ తీస్తాది."

ఆయన మంచినీళ్లు అడిగినాడు.

తొమ్మిదో తరగతి మధ్యలో బడీ నేనూ ఒకరంటే ఒకరికి పడక విడిపోయినాం కాబట్టి, ఇట్టాంటివి కనిపెట్టేవాళ్ళంటే నా లెక్కలో మహా తెలివైనవాళ్ళు. డబ్బా ఇంటికొచ్చినాక ఆ గౌరవం కొంచెం మారింది. దీన్ని కనిపెట్టినోడు ఒక డిస్కు మీద నమ్మకం లేక రెండు పెట్టినాడు. ఆ రెండింటి మీదా నమ్మకం లేక ఇంకో ఊళ్లో ఇంకో రెండు పెట్టినాడు. వీడెవడో నాకంటే అనుమానపు మనిషి. అచ్చం నా మాదిరి మనిషి కనిపెట్టిన దాన్ని నేనెట్టా నమ్మేది?

డబ్బా ముందర వరసగా నాలుగు చిన్న లైట్లుండేవి. నేను పని చేసేటప్పుడు మిణుకుమంటే అర్థముంది. నేను కాళ్ళు బారజాపుకోని టీ తాగతా ఉన్నా అవి మిణుకుతానే ఉండేవి. అంటే ఆ టయానికి ఎవరో నా పెళ్లిళ్లు చూస్తా ఉండాలి. ఆత్మకూరు తప్ప ఇంకెవరు? ఆ మధ్య మా వైపు కుటుంబం ఒకటి పెళ్లి నాతో తీయించుకోని, ఆల్బం మాత్రం బామ్మర్ది దగ్గర చేయించుకుంది. వాళ్ళకు వాడి అడ్రసు ఎట్టా తెలిసిందో నాకు ఇప్పటికీ తేలలేదు.

అందుకని ఒక వల పన్నినాను. కెమెరా ముందర కూర్చోని, వేలు చూపించి, "ఏరా దొంగా, దొరికినావా" అని ఒక వీడియో తీసి, దానికి 'ఎవరూ చూడొద్దు' అని పేరు పెట్టి డబ్బాలో పడేసినాను. కొన్నాళ్ళకు దాని పక్కనే 'బావ చూడొచ్చు' అని కొత్త వీడియో కనపడింది. తెరిస్తే మా బామ్మర్ది భార్య. చేతిలో గరిటె. "ఏంది అన్నా, స్టూడియోలో గిరాకీ లేదా?" అని అడిగి లోపలికి పోయింది.

ఫోన్ చేసి నిలదీసినాను. "అంటే నువ్వు చూస్తాండావు."

"నువ్వు పెట్టిందే నేను చూసేదానికి గదా బావా."

"అది గాదురా, నువ్వు చూస్తాండావా లేదా?"

"నువ్వు చూడకుండానే మా ఆవిడ వీడియో నీకు తెలిసిందా?"

వాడికి డిగ్రీ ఉండాది. వాదనలో అదొక్కటే వాడికి పనికొచ్చింది.

దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజు మా స్టూడియోలో మా ముక్కులు తప్ప అన్నిటికీ బొట్టు పడుతుంది. కెమెరాలకు, స్టాండ్లకు, గొడుగు లైట్లకు, కంప్యూటరుకు, మోటారు సైకిలుకు. నా భార్య పసుపు రాసి, కుంకుమ తడిపి, ఒక్కోదానికి శ్రద్ధగా పెట్టుకుంటా వచ్చింది. డబ్బా దగ్గర ఆగి, ఆ నాలుగు లైట్లు చూసి, కొలిచినట్టు నాలుగింటి మీదా నాలుగు బొట్లు పెట్టేసింది. చూసేదానికి ముచ్చటగానే ఉండాది. నాకైతే అంతకంటే హాయి. ఇంక ఆ మిణుకులు చూసి ఒళ్ళు మండే పని లేదు. కరెంటు పోయినప్పుడల్లా కుయ్యోమని అరుస్తుందని, దాని నోరు అంతకుముందే నెల్లూరాయనకు ఫోన్ చేసి మూయించి ఉన్నాను. కండ్లు మూసేసి, నోరు మూసేసి, ఇంక నువ్వు మాకు కాపలా కాయమ్మా అని బల్ల మూల కూర్చోబెట్టినామన్నమాట.

కార్తీకంలో కొండ కింద పల్లెలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. గొర్లూ మేకలూ మేపుకునే కుటుంబం. పెళ్లికూతురి తండ్రి నాకు చానా కాలం నుంచి ఎరుక. పెళ్లికి ముందు, దుర్గం కొండ మీద తప్పిపోయిన మేక కోసం పోయి, బండ మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. నెల్లూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి పడుకోబెట్టినారు. పెళ్లి వాయిదా వేద్దామంటే ఒప్పుకోలేదు. పీటల మీద తన తమ్ముణ్ణీ మరదలినీ కూర్చోమన్నాడు.

నెల్లూరు పోయినప్పుడు పలకరిద్దామని వార్డుకు పోయినాను.

"మేక దొరికిందా?" అన్నాను.

"దానికేం, బాగుండాది. నన్ను చూసేదానికే ఇంకా రాలేదు" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "ఫోన్లో చూపిస్తామంటాండారు. ఈ వార్డులో సిగ్నల్ నిలబడదు. అందరూ పెళ్లికి వస్తారు గాబట్టి వాళ్ళకు నాలుగు ఫోటోలు చాలు. నేను పెళ్లికి పోయేది నీ వీడియోలోనే. బాగా తియ్యి."

నాకు బాగా తియ్యమని చెప్పేవాళ్ళు ప్రతి పెళ్లిలోనూ ఉంటారు. ఇట్టా కారణం చెప్పి అడిగినవాళ్ళు లేరు.

తీసినాం. నేను పీటల దగ్గర, మా బామ్మర్ది పెళ్లికూతురి వైపు. స్టూడియోకొచ్చి అంతా డబ్బాలో పోసినాం. కెమెరా కార్డులు చెరిపేదానికి నా చెయ్యి రాలేదు. "డబ్బాలో చేరింది గదా బావా, చెరుపు. రేపు వింజమూరు పెళ్లికి కార్డులు కావాల" అని వాడే లాక్కోని చెరిపేసినాడు.

పెళ్లికూతురి తండ్రి ఆసుపత్రి నుంచి ఇంటికొస్తున్నాడనీ, ఆదివారం పెళ్లి చూపించాలనీ కబురొచ్చింది. అదే వారం ఒక మధ్యాహ్నం కరెంటు పోతా, వస్తా, పోతా తైతక్కలాడింది. కంప్యూటరు మళ్ళీ వేసేసరికి డబ్బా కనపడలేదు. డబ్బా బల్ల మీదే ఉంది, కంప్యూటరుకే కనపడలేదు. తట్టినాను, ఊదినాను, వైరు పీకి పెట్టినాను. చివరికి గుడ్డ తడిపి ముందర తుడిస్తే, కుంకుమ కింద నుంచి లైట్లు బయటపడినాయి. రెండు డిస్కుల లైట్లూ ఎర్రగా ఉన్నాయి.

నా భార్యను పిలిచినాను. "ఇది ఎప్పటి నుంచి ఎర్రగా ఉండాదో ఏమన్నా తెలుసా?"

"నేను పెట్టిన బొట్టు దసరా నుంచీ ఎర్రగానే ఉండాది."

"బొట్టు గాదు, దాని కింద లైటు."

"లైటు మీద బొట్టు పెడతా ఉంటే పక్కనే నిలబడి బాగుంది అనింది ఎవరు?" అని పోయింది.

నెల్లూరాయన మనిషికి ఫోన్ చేస్తే, "మొత్తం ఆపి, మళ్ళీ వెయ్యండి సార్. దానంతట అదే సరిచేసుకుంటుంది" అన్నాడు. దానంతట అదే అనే మాటా, ఎన్నటికీ పోదు అనే మాటా నా లెక్కలో ఒకటే. ఆపినాను. వేసే ముందు ఇంటర్నెట్ వైరు పీకేసినాను. దీని వెనకాల చదువేమీ లేదు. చచ్చి లేచినోడితో ముందు నేను మాట్లాడాల, చుట్టాలు తర్వాత, అనిపించింది. అంతే.

లేచింది. ఒక లైటు పచ్చగా మారింది. కంప్యూటరులో డబ్బా తెరుచుకుంది. నా ప్రాణం లేచి వచ్చింది గానీ కూర్చోలేదు. చిట్టచివర దసరా తర్వాత తీసిన ఓణీల ఫంక్షన్ ఒకటి ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. కొండ కింద పెళ్లి జరగనే లేదు.

అప్పుడు మెల్లగా బోధపడింది. పండగ తర్వాత ఎప్పుడో ఒక డిస్కు పడిపోయింది. దాని ఎర్ర లైటు కుంకుమ కింద వెలుగుతానే ఉంది, మేం చూసుకోలేదు. అప్పటి నుంచి రెండోది ఒంటరిగా మోసింది. ఈ రోజు అదీ పోయింది. ఇప్పుడు మేల్కొన్నది ముందు పడిపోయింది. దాని లెక్కలో ఇంకా దసరా సెలవులే. వైరు గనక తగిలించి ఉంటే, ఇది ఆత్మకూరుకు ఏమని చెప్పుండేది? నా దగ్గర ఆ పెళ్లి లేదు, నీ దగ్గరా ఉండకూడదు అని. ఇక్కడ ఎలా ఉంటే అక్కడా అలాగే.

నెల్లూరు మనిషికి మళ్ళీ ఫోన్ చేసి ఇదే అడిగినాను. దానికి బదులు అతను ఎదురు ప్రశ్న వేసినాడు. "వైరు తీసేసి ఉంచారా సార్?"

"తీసినాను."

"అట్లానే ఉంచండి" అన్నాడు. గొంతులో ఆ సార్ మాయమైంది.

మా బామ్మర్దికి ఫోన్ చేసి, నీ డబ్బా వైరు గూడా పీకెయ్ అన్నాను. "ఎందుకు?" అన్నాడు. ముందు పీకరా అంటే, "నాకు తెలీకుండా ఏం చెరపబోతాండావు బావా?" అన్నాడు. మా వంశానికి పిల్లనిచ్చినవాళ్ళకు గూడా ఈ అనుమానపు జబ్బు అంటిందని ఆ రోజు రూఢి అయింది. ఖాళీ డిస్కు ఒకటి సంచిలో వేసుకోని ఆత్మకూరు బస్సెక్కినాను. దారి పొడుగునా రెండే ఆలోచనలు. ఆ పెళ్లి అక్కడికి చేరిందా, చేరితే వీడు ఉంచినాడా.

వాడి స్టూడియోలోకి అడుగు పెట్టేసరికి తెర మీద ఆ పెళ్లే ఆడుతా ఉంది. వాడు కూర్చోని కత్తిరిస్తా ఉన్నాడు.

"ఇది నా పెళ్లి గదరా."

"నీదే బావా. నీ మిక్సింగ్‌లో తాళి కట్టేటప్పుడు గులాబీలు ఎగరడం తప్ప ఏముంటాది? ఆయన లేకలేక చూడబోతాండాడు. కాస్త మర్యాదగా చేద్దామని."

ఇన్నాళ్ళూ నేను అనుమానించిందంతా నిజమే. నా పెళ్లిళ్లన్నీ వీడు చూస్తానే ఉన్నాడు. వాడి నెత్తిన మొట్టాలో, వాడికి టీ చెప్పాలో తెలీక రెండూ చేసినాను.

అయినా నేను నమ్మలేదు. పేరు కనపడడం వేరు, పెళ్లి కనపడడం వేరు. ఒక్కో ఫైలు తెరిచి, చివరి దాకా గబగబా జరిపి చూసి, నేను తెచ్చిన డిస్కులో పోసి, అక్కడ మళ్ళీ తెరిచి చూసినాను. భోజనాల ఫైలు పులిహోర వడ్డించే దగ్గర బిగుసుకుపోయింది. దారిలో ఎక్కడో దెబ్బ తినింది. పెళ్లికూతుర్ని అలంకరించేది, పీటలు, తాళి, తలంబ్రాలు అన్నీ ఆడినాయి. బామ్మర్ది ఆవలిస్తా, "ఇంకా నమ్మకం కలగలేదా?" అన్నాడు. పులిహోర చూపించినాను. కుర్చీ లాక్కోని నా పక్కన కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున పెన్ డ్రైవులు జేబులో వేసుకోని పల్లెకు పోయినాను. ఆయన మంచం మీద కాలు చాపుకోని, వెనక దిండ్లు పెట్టుకోని, తెల్ల చొక్కా తొడుక్కోని సిద్ధంగా ఉన్నాడు. పక్కన ఆయన భార్య, తమ్ముడు, వాకిలి నిండా జనం. వాళ్ళంతా చూసిన పెళ్లే. ఆయన ముఖం చూసేదానికి వచ్చినారు.

టీవీలో పెళ్లి మొదలైంది. తమ్ముడు పీటల మీద కూర్చోగానే ఆయన, "ఆ తలపాగా ఏందిరా, ఎండు గడ్డి మోపు మాదిరి?" అన్నాడు. తమ్ముడు, "నువ్వు కాలు విరగ్గొట్టుకోకుండా ఉంటే నువ్వే కట్టుకుందువు" అన్నాడు. అందరూ నవ్వినారు. ఆయన నవ్వతా చూస్తా ఉన్నాడు. కాళ్ళు కడిగేటప్పుడు మాట తగ్గింది. తాళి కట్టేటప్పుడు గులాబీలేమీ ఎగరలేదు.

తలంబ్రాలకు ముందు నేను చెవి పెట్టని ముక్క ఒకటి వచ్చింది. మా బామ్మర్ది తీసింది. ఆత్మకూరులో గబగబా జరిపినప్పుడు నేను ముఖాలు చూసినానే గానీ మాటలు వినలేదు. పెళ్లికూతురు తల కొంచెం పక్కకు తిప్పి, కెమెరా వైపు చూసి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగింది. "నాయనా, కనపడతాండానా?"

"కనపడతాండావు మా" అన్నాడు ఆయన, టీవీతో.

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆయన నా వైపు తిరిగినాడు.

"ఇది ఇంకా ఎక్కడెక్కడ ఉండాది?"

"నా దగ్గర ఒకటి. ఆత్మకూరులో మా బామ్మర్ది దగ్గర ఒకటి. ఇదిగో, నీకొకటి."

ఆయన పెన్ డ్రైవు అరచేతిలో పెట్టుకోని, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసినాడు. "కలిగిరిలో అత్తగారింట ఉండే బిడ్డకు గూడా ఒకటి ఇయ్యి. మీ బావా బామ్మర్దుల్ని నమ్ముకోని ఎట్టా ఉండేది?" అన్నాడు. తర్వాత టీవీ వైపు తిరిగి, "కొంచెం వెనక్కి తిప్పు" అన్నాడు.